పేరు చెప్పని అనౌన్సరు

రేడియోలో పాడినవాళ్ళను జనం గుర్తుపెట్టుకుంటారు. నాటకం వేసినవాళ్ళను గుర్తుపెట్టుకుంటారు. పురాణం చెప్పినవారిని అసలే మరిచిపోరు. కాని వీళ్ళందరినీ ఒకరి తర్వాత ఒకరిని వెంటబెట్టుకువచ్చి మన వసారాలో కూర్చోబెట్టి, తాను గుమ్మం అవతలే నిలబడిపోయే అనౌన్సరు మాత్రం ఎవరికీ జ్ఞాపకం ఉండడు. పెళ్ళి భోజనాలలో వడ్డించేవాడి సంగతీ అంతే గదా! పులిహోర బాగుందంటాం, వంటవాణ్ణి మెచ్చుకుంటాం. విస్తట్లో ఏది ఎప్పుడు పడాలో చూసుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో ఎవరూ చూడరు.

నా మిత్రుడు అటువంటివాడు. 2023 కార్తీకంలో పోయాడు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. మైకు ముందు తన పేరు చెప్పుకోవడం అతనికి బొత్తిగా గిట్టేది కాదు. "పాటకూ వినేవాడికీ మధ్య మన పేరెందుకు పంతులూ, అడ్డం?" అనేవాడు. నేను అప్పట్లో తెలుగు ఎమ్మే చదవబోతున్నానని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను 'పంతులూ' అనే పిలిచాడు. నిజంగానే పంతులు నయ్యాను. అతని వాక్కు ఫలించిందనుకోవాలి.

మా బెజవాడవాళ్ళకు రేడియో అంటే అభిమానం ఒక పాలు ఎక్కువ. 1938లో మద్రాసు నుంచి తెలుగు మాటలు గాలిలోకి వచ్చినా, మన గడ్డ మీద మన స్టేషను అనిపించుకున్నది మాత్రం 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ కేంద్రమే. బందరు రోడ్డు మీద పున్నమ్మతోట అంటే ఊళ్ళో రిక్షావాడికి కూడా రేడియో స్టేషనే. బాలాంత్రపు రజనీకాంతరావుగారి భక్తిరంజనితో తెల్లవారని ఇల్లు ఉండేది కాదని మా అమ్మ చెప్పేది. ఓలేటి వెంకటేశ్వర్లుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు పాడుతుంటే మా మేనత్త చేతిలో కూర తరగడం ఆపేసేదట. ఇక ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారు రామాయణమో భారతమో చెబుతున్నారంటే వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచే మనిషికి ఒక్క వాక్యం కూడా తప్పిపోయేది కాదు. ప్రతి ఇంటి కిటికీలోంచీ అదే గొంతు. ఉషశ్రీగారు 1990లో పోయారు. రజనిగారు నిండు జీవితం గడిపి 2018లో వెళ్ళిపోయారు. ఇవన్నీ పెద్ద పేర్లు. వీరి సంగతులు రాసేవారు రాశారు, ఇంకా రాస్తారు.

మా మిత్రుడిని గురించి ఎవరూ రాయరు గనుక నేను రాస్తున్నాను.

ఇప్పటి పిల్లలకు కాలేజీలోనే రేడియో స్టేషను ఉండడం వింత కాదు. విద్యాసంస్థలు సొంతంగా రేడియో నడుపుకోవచ్చునని ప్రభుత్వం 2002 డిసెంబరులో ఒప్పుకున్నది. 2004 ఫిబ్రవరిలో మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం వారు మొట్టమొదట ప్రారంభించారు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీకి ఒకటి, భీమవరంలో ఆడపిల్లల ఇంజనీరింగు కాలేజీకి ఒకటి వచ్చాయి. మా రోజుల్లో అదేమీ లేదు. 'యువవాణి' ఒక్కటే మా కాలేజీ రేడియో. 1969 జూలైలో ఢిల్లీలో మొదలైన ఆ కార్యక్రమం దేశంలో ఒక్కొక్క స్టేషనుకే పాకింది. పదిహేను నుంచి ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు, వాళ్ళ కోసం వాళ్ళే నడుపుకోవాలన్నది దాని పద్ధతి. పెద్దలు పక్కనుంటారుగాని మాట మాదే.

1998లో స్వర పరీక్షకు వెళ్ళినప్పుడు అతన్ని మొదటిసారి చూశాను. నాకు ఇరవై ఏళ్ళు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు. చేతిలో గుడ్డసంచీ, కాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులు. బియ్యస్సీ చేసి ఉద్యోగం వెతుక్కోవడానికి దివిసీమ నుంచి వచ్చానన్నాడు. మనిషి సన్నంగా, పొడుగ్గా, తాటి కమ్మలా ఉండేవాడు. ఆ ఒంట్లోంచి ఆ గొంతు ఎలా వచ్చేదో నాకిప్పటికీ అంతుపట్టదు. గంభీరమైన కంఠమేమీ కాదు సుమండీ. గంభీర కంఠాలు ఆ రోజు వరండాలో అరడజను ఉన్నాయి. ఇతనిది పక్కింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుండే గొంతు.

మాకిచ్చిన కాగితంలో ఒక వార్త, ఒక పాట పరిచయం, కొన్ని కఠిన పదాలు ఉన్నాయి. అందరం చదివాం. ఇతను చదివి, కాగితం కింద పెట్టి, "అయ్యా, ఒక్కమాట. ఇందులో ఎదురుమొండి అని ఉన్నదండీ. దాన్ని మధ్యలో విరిచి చదవకూడదండీ. ఎదురు, మొండి అని ఆగితే ఆ ఊరివాళ్ళు నవ్వుతారండీ," అన్నాడు. పరీక్ష చేసే పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి చూశారు. నాకు వీడి పని అయిపోయిందనిపించింది. ఆయన మాత్రం, "ఏ ఊరయ్యా మీది?" అని అడిగి, ఇంకో నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పించుకుని విన్నారు. ఇద్దరం ఎంపికయ్యాం.

ఆ తర్వాత మూడేళ్ళు మేమిద్దరం కలిసి చేసిన పనులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. భుజాన టేపు రికార్డరు మోసుకుని గుడివాడా, బందరూ, తెనాలీ కాలేజీలకు పోయేవాళ్ళం. క్విజ్జులు, చర్చలు, పల్లెటూరి కుర్రాళ్ళ స్వీయ కవితలు. ఆ కవితల్లో సగం ప్రేమ మీద, సగం నిరుద్యోగం మీద. ఒకసారి ఒక కాలేజీలో ఒక అమ్మాయి చక్కగా పాడుతుందని చెప్పారు. మైకు చూడగానే ఆ పిల్లకు చెయ్యీ కాలూ ఆడలేదు. నోట్లోంచి మాట రాదు. నేను ధైర్యం చెప్పబోయేసరికి ఇంకా బిగుసుకుపోయింది. అతను మైకు పక్కన పెట్టేసి, "మీ ఇంట్లో ఇవాళ ఏం కూరమ్మా?" అని అడిగాడు. చింతచిగురు పప్పు అన్నది. "పప్పు దింపేదాకా మీ అమ్మ ఊరుకోదు గదా, నీ చేత పాడించుకుంటుందా?" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. "అయితే ఊళ్ళో వాళ్ళందరికీ వద్దు. మీ అమ్మకు ఒక్కదానికే పాడు. వంటింట్లో ఉన్నది, గట్టిగా అక్కర్లేదు," అన్నాడు. ఎంత హాయిగా పాడిందో!

అతనికి తెలిసిన విద్య అంతా అదే. అందరికీ కాదు, ఒక్కరికి చెప్పాలి. లక్షమంది వింటున్నారనుకుంటే నోరు సభలో ఉపన్యాసమైపోతుందనీ, ఒక్కరు వింటున్నారనుకుంటే మాట మాటగానే ఉంటుందనీ అతని మతం.

అప్పటికింకా కంప్యూటర్లు స్టూడియోలోకి పూర్తిగా రాలేదు. స్పూలు టేపులే. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున టేపు నడుస్తుంది. మాటల మధ్య తప్పు దొర్లితే ఆ తప్పు ఎన్ని అంగుళాలున్నదో చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ కలిపి అంటించాలి. మనిషి ఊపిరి పీల్చుకోవడానికి అర సెకను పడుతుంది. అంటే సుమారు నాలుగంగుళాల టేపు. పావుగంట ప్రసంగంలో ఊపిరులన్నీ తీసి పారేస్తే ఒక నిమిషం మిగులుతుంది, ఇంకో చిన్న పాట పెట్టుకోవచ్చు. నేను ఆ పనిలో ఆరితేరినవాణ్ణి. కోసిన ముక్కలు మెడలో జంధ్యంలా వేసుకుని కూర్చునేవాణ్ణి.

అతనికి అది నచ్చేది కాదు. "ఊపిరి తీసేస్తే మనిషి చచ్చిపోడూ, పంతులూ?" అనేవాడు. మా ఇద్దరికీ దీని మీద టీకొట్టు దగ్గర ఎన్ని వాదాలు జరిగాయో లెక్కలేదు. ఆయాసపడుతూ మాట్లాడేవారి ప్రసంగంలో కొన్ని ఊపిరులైనా తీయకపోతే వినేవాడికి ఆయాసం వస్తుందని నేను. ఆ మనిషి ముసలివాడని వినేవాడికి తెలియాలి గదా అని అతను. ఇప్పటికీ నా మాటే నాకు సబబుగా తోస్తుంది. అతను ఉంటే ఇప్పటికీ ఒప్పుకోడు.

మరో జగడం యాస మీద. రేడియోలో మాట్లాడే తెలుగు ఫలానా ఊరిదని తెలియకుండా ఉండాలని నేను అనేవాణ్ణి. శిష్టవ్యావహారికమని ఒకటున్నది, అది అందరిదీ, ఏ ఒక్కరిదీ కాదు అని గిడుగువారి దగ్గర్నుంచీ ఎత్తుకునేవాణ్ణి. అతను అంతా విని, "అంతా బాగుంది గురూ. మరి చల్లపల్లిలో 'చ' ఎట్లా పలుకుతావు?" అనేవాడు. దంత్య చకారం, 'చాప'లో లాగ పలకాలని నాకు తెలుసు. పుస్తకంలో ఆ గుర్తు వేయడం మానేసి ఎన్నాళ్ళో అయింది. రాతలో కనబడనిది నోటికి తెలియాలి. ఊరి పేరు ఆ ఊరివాడి నోట్లో ఉన్నట్టు పలకకపోతే అది వాడి ఊరు కాదని అతని సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం అతనికి ఎక్కడ నుంచి వచ్చిందో వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు తెలిసింది.

2000 సంక్రాంతికి తీసుకువెళ్ళాడు. బెజవాడలో ఎక్కితే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర ఏరు దాటి అవనిగడ్డ. పులిగడ్డలో కింద ఏరు, పైన అక్విడక్టులో కాలువ. నీళ్ళ మీద నీళ్ళు పోవడం అక్కడ చూడాలి. ఆ కాలువే దివిసీమకు ప్రాణం. అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక వైపు. అక్కడ నుంచి ముందుకు పోయినకొద్దీ గాలిలో ఉప్పు వాసన, చేలకు బదులు రొయ్యల చెరువులు. ఊళ్ళ పేర్లు కూడా మారిపోతాయి. లంక, దిబ్బ, తిప్ప, మొగ, గొంది. ఎడ్లంక, పాలకాయతిప్ప, ఏటిమొగ, సొర్లగొంది. నేల ఎక్కడ తేలిందో, ఏరు ఎక్కడ సముద్రంలో నోరు పెట్టిందో ఆ పేర్లే చెబుతాయి. ఆ దారిలో నాకు పాఠం చెప్పింది అతనే.

వాళ్ళమ్మగారు పొట్టిగా, చురుగ్గా ఉండేది. గోడకు మేకు కొట్టి ఒక ట్రాన్సిస్టరు వేలాడదీసి ఉన్నది, దాని మీద శుభ్రంగా ఉతికిన గుడ్డ. నన్ను చూసి, "నువ్వూ రేడియోలో చెబుతావా నాయనా?" అని అడిగింది. అవునన్నాను. "మావాడికంటే గట్టిగా చెబుతావు. వాడిది బొత్తిగా చెవిలో చెప్పినట్టుంటది," అన్నది. మెప్పో తెగడ్తో నాకు తెలియలేదు.

రాత్రి భోజనాలయ్యాక తనే చెప్పింది. 1977 నవంబరు 19. మావాడికి అప్పటికి ఏడాది నిండిందో లేదో. దివిసీమ ఉప్పెన గురించి చదువరులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సముద్రం అయిదు మీటర్లకు పైగా లేచి ఊళ్ళ మీదికి వచ్చిపడింది. చనిపోయినవారు పదివేల దాకా అని సర్కారు లెక్క, ఆ లెక్కను అక్కడివాళ్ళు ఎవరూ ఒప్పుకోరు. సొర్లగొందిలాంటి ఊళ్ళు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. ఆమె పిల్లవాణ్ణి చీరతో వీపుకు కట్టుకుని తుమ్మచెట్టు పట్టుకున్నది. ముళ్ళన్నీ ఒంట్లో దిగాయి. ముళ్ళే కాపాడాయి, జారిపోకుండా పట్టుకున్నాయి అన్నది. పిల్లవాడి తండ్రి గొడ్లను విప్పడానికి వెళ్ళాడు. మరి రాలేదు.

"ముందుగా తెలియలేదా అమ్మా?" అని అడిగాను.

"చెప్పారంట నాయనా. అంగడి కాడ రేడియో ఉండేది. కోస్తాకు గాలివాన అన్నారంట. కోస్తా అంటే మనమేనని మాకేం తెలుసు? ఎక్కడో ఆ ఊరికి వస్తదేమో, పాపం, అనుకున్నాం."

అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. నిద్రపోలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో గుడ్డసంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా, పశ్చిమగోదావరిలో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళ పేర్లు. ప్రతి పేరుకూ పక్కన ఎలా పలకాలో, ఎక్కడ ఆగకూడదో తన గుర్తులు. కొన్నిటి పక్కన ఆ పేరు చెప్పినవారి వివరం కూడా ఉన్నది: ఫలానా పడవ సరంగు, ఫలానా బస్సు కండక్టరు. కృత్తివెన్ను వైపు చినగొల్లపాలెం దాకా వెళ్ళి అడిగి వచ్చాడట. ఎమ్మేలో నేను రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఆ నోటుబుక్కుకు సరితూగవు. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు.

యువవాణి ముగిశాక నేను ఎమ్మే పూర్తిచేసి లెక్చరరుగిరీలో పడ్డాను. అతను రేడియోను వదలలేదు, రేడియో అతన్ని పూర్తిగా తీసుకోనూ లేదు. క్యాజువల్ అనౌన్సరుగా నెలకు ఆరు డ్యూటీలు. తక్కిన రోజులు ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల కంపెనీలో ప్రూఫులు దిద్దేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, నా దగ్గర చదవడానికి తీసుకువెళ్ళిన నవలలు అచ్చుతప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది తెచ్చి ఇచ్చేవాడు. మా ఆవిడ ఒకసారి వారపత్రికలో సీరియలు చదువుతూ ఆ వారం అచ్చుతప్పు ఒక్కటీ లేదే అని ఆశ్చర్యపోతే, చూడగా అది అతని చేతి మీదుగా వచ్చిన కాపీ. పెళ్ళయింది, ఒక్కతే కూతురు. ఇల్లు గడవడం ఎప్పుడూ అంతంతమాత్రమే. ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చాక ఎవరో పిలిచారు కూడా. వెళ్ళి ఒక పూట కూర్చుని వచ్చాడు. "పిల్లలు బాగా మాట్లాడుతున్నారు పంతులూ. పాటంత వేగంగా మాట్లాడుతున్నారు. నాకు అంత వేగం లేదు," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. నాకైతే ఆ వేగం కొంత వెర్రిగానే తోస్తుంది, అది వేరే సంగతి.

2010 మే 20న లైలా తుఫాను వచ్చింది. గుర్తుండే ఉంటుంది మీకు, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ పొద్దున అతనికి డ్యూటీ పడింది. తుఫాను హెచ్చరిక అనౌన్సరు ఇష్టం వచ్చినట్టు చదివేది కాదు. వాతావరణశాఖ వారి మాట ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు. ఏయే మండలాలు, ఏయే ఊళ్ళవారు సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలో అధికారుల దగ్గర నుంచి జాబితా వస్తుంది. ఆ జాబితా ఆ రోజు అతని చేతికి వచ్చింది.

నేను మా ఇంట్లో విన్నాను. కరెంటు పోయింది, ట్రాన్సిస్టరులో బ్యాటరీలు వేసి పెట్టాను. ఆ గొంతులో తొందర లేదు, గాభరా లేదు. నిద్రపుచ్చే మెత్తదనమూ లేదు. ఒక్కొక్క పేరే. ప్రతి పేరు తర్వాత ఒక ఊపిరి. నాలుగంగుళాలు అనుకున్నాను, టేపు లేకపోయినా. ఏటిమొగ అన్నాడు. గుల్లలమోద అన్నాడు. ఎదురుమొండి అన్నాడు, విరవకుండా. జాబితా అంతా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

వాళ్ళమ్మ 1977 తర్వాత ఏ తుఫానుకూ ఇల్లు వదిలి వెళ్ళలేదు. వచ్చేది వస్తుంది, పోయేవాళ్ళు పోనే పోయారు అనేదట. ఆ రోజు మాత్రం ట్రాన్సిస్టరు గుడ్డలో చుట్టుకుని తుఫాను షెల్టరుకు నడిచింది. అక్కడ కనబడిన వాళ్ళందరితోనూ చదివింది మావాడే అని చెప్పుకున్నది. నాలుగు రోజుల తర్వాత కొడుకు వెళ్ళి చూస్తే ఆమె అన్న మొదటి మాట: "అబ్బాయ్, గొంతు బొంగురుపోయింది. మజ్జిగ తాగటం లేదా?"

ఇది చెప్పి నా దగ్గర ఎంతగా నవ్వాడో! నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. రేడియోలో తనకు వచ్చిన బహుమతి ఏదైనా ఉంటే అదేనన్నాడు.

పోయిన రోజు సాయంత్రం దాకా ప్రూఫులు దిద్దాడు. రాత్రి గుండెలో నొప్పి అన్నాడు. తెల్లవారలేదు. నలభై ఏడేళ్ళు. పేపర్లో ఒక్క పంక్తి రాలేదు. రావాలని నేనూ అనడం లేదు. పేరు చెప్పుకోనివాడి వార్త ఏ పేరుతో వేస్తారు?

కర్మలయ్యాక ఒకనాడు వాళ్ళమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతున్నది. వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, "బాబాయిగారూ, నాన్నగారి గొంతు మీ దగ్గర ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగింది.

ఫోనుల్లో వెతికిందట. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, గోదావరి పుష్కరాలు, అన్నీ వీడియోలున్నాయి. అన్నిటిలోనూ ఫోను పట్టుకుని తీస్తున్నది నాన్నగారే. ఒకదానిలో "కాస్త ఇటు జరగండి" అన్న మాట ఉన్నది. పాతికేళ్ళు గాలిలో మాట్లాడిన మనిషి గొంతు ఇంట్లో ఆ మూడు మాటలే.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అనౌన్సరు మాట అప్పటికప్పుడు గాలిలోకి పోయేది. పాట దాచుకుంటారు, నాటకం దాచుకుంటారు. ఇప్పుడు సమయం ఏడు గంటల నలభై నిమిషాలు అన్న మాటను ఏం చేసుకుంటారు? మా యువవాణి టేపులు కూడా ప్రసారం కాగానే చెరిపి మళ్ళీ వాడుకునేవే. టేపు ఖరీదైన రోజుల్లో లండనులో బి.బి.సి. వారు సైతం అదే చేశారు. మేమూ మా చేతులతోనే చెరిపాం.

అయినా ఆ పిల్ల మొహం చూసి ఊరుకోలేకపోయాను. పాత శ్రోతల కోసం వాకబు చేశాను. ఉత్తరాలు రాసే శ్రోతలు కొందరుండేవారు, వాళ్ళ పేర్లు మాకు కంఠతా వచ్చేవి. వెతగ్గా వెతగ్గా చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో ఒక దర్జీ ఆచూకీ దొరికింది. కుట్టుమిషను పక్కన టేపు రికార్డరు పెట్టుకుని రేడియోలో వచ్చిన పాటలన్నీ క్యాసెట్లలో పట్టిన మనిషి. నేనూ ఆ అమ్మాయీ ఒక ఆదివారం వెళ్ళాం. డెబ్భై దాటినాయన. రెండు ట్రంకుపెట్టెల నిండా క్యాసెట్లు. ఏ బట్టకు ఏ దారమో రాసినట్టు ప్రతి దాని మీదా ముత్యాల్లాంటి అక్షరాలు.

పెట్టి వినడం మొదలెట్టాం. పాట వస్తుంది. పాట అయిపోతుంది. "మీరు విన్..." ఠక్. ఇంకో పాట. "చిత్రం పే..." ఠక్.

ఆయన పాపం నొచ్చుకున్నాడు. "పాట కోసం అండీ. అయ్యవారు మాట్లాడగానే బొత్తాం నొక్కేసేవాణ్ణి. టేపు కలిసొస్తదని," అన్నాడు. ఆ అమ్మాయి పరవాలేదండీ అంటూనే ఉన్నది. ప్రతి ఠక్కు ముందూ ముందుకు వంగి వింటున్నది. ఒక్కొక్క అక్షరం, అర అక్షరం. మధ్యాహ్నం రెండు దాటింది. ఆయన భార్య అన్నాలు పెట్టింది. తిని మళ్ళీ కూర్చున్నాం.

ఒక క్యాసెట్ తీసి చూసి, "ఇది పెట్టండి సారూ," అన్నాడాయన. ఎందుకో కొంచెం సిగ్గుపడ్డాడు. "ఇందులో ఆపలేదు."

2003లో పట్టినది. జనరంజనిలో శ్రోతలు కోరిన పాటలు. పాట అయిపోయింది. ఠక్‌మనలేదు. ముందు ఒక ఊపిరి వినిపించింది. తర్వాత అతని గొంతు: ఈ పాటను కోరినవారు, అని ఊళ్ళూ పేర్లూ చదువుకుంటూ పోయాడు. ఘంటసాల నుంచి ఇద్దరు. కోడూరు నుంచి ఒకరు, కుటుంబసభ్యులతో. హంసలదీవి. తర్వాత చల్లపల్లి మండలంలో ఆ పల్లె పేరూ, ఆ దర్జీ పేరూ, వాళ్ళావిడ పేరూ. చల్లపల్లిలో దంత్య చకారం. ఆ తర్వాత ఠక్.

"ఆ ఉత్తరం నాదేనండి. నా పేరు చదువుతారేమోనని ఆగాను," అన్నాడు ఆయన.

మొత్తం ముప్పై ఒక్క సెకను. అమ్మాయి ఫోనులోకి ఎక్కించుకున్నది. అక్కడ నుంచి దివిసీమ ఎంతో దూరం లేదు గదా, చీకటిపడే వేళకు నాయనమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆమెకిప్పుడు చెవులు కొంచెం మందగించాయి. మనవరాలు ఫోను చెవి దగ్గర పెట్టింది. ఆమె ఎవరూ ఏమని అడగలేదు. రెండుసార్లు పెట్టించుకుని వింది. మేకుకు ట్రాన్సిస్టరు అలాగే వేలాడుతున్నది, మీద ఉతికిన గుడ్డ.

"ఇప్పుడు బొంగురు లేదు," అన్నది.